ఎత్తిన చెయ్యి

"ముందా దండ తీసి యాడన్నా పారెయ్యి. దాన్ని చూస్తాంటే నాకు ఒళ్ళు మండిపోతాండాది" అంది శకుంతలమ్మ.

మునిరత్నం మెడ తడుముకున్నాడు. గ్రౌండులో వేసిన బంతిపూల దండ ఇంకా మెడలోనే ఉంది. దాంతోనే సైకిలు తొక్కుకుంటూ చిత్తూరు బజారంతా దాటి ఇంటికొచ్చాడన్నమాట. దారిలో ఇద్దరు ముగ్గురు నమస్కారం పెట్టారు. ఎందుకు పెడుతున్నారో అప్పుడు తోచలేదు.

దండ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

"పాప యాడుండాది?"

"పెరట్లో. వచ్చినప్పట్నించీ ఆ వాలీబాలు బనీను ఒకదాన్నే ఉతకతా ఉండాది. చినిగేదాకా ఉతుకుతాదేమో. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏడ్చనన్నా ఏడ్చలేదు. ఏడ్చింటే నాకీ బాధ లేకపోవును."

"ఏమన్నా తినిందా?"

"ఎర్రకార్డు తినొచ్చింది గదా. ఇంకేం తింటాది?"

మునిరత్నం గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. శకుంతలమ్మ కూర్చోలేదు. కోపం వస్తే ఆమె కూర్చోదు. వంటింటి గడపకూ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది.

"పాపతో ఆడే పిల్ల వాళ్ళమ్మ లేదా, ఆ నాగరత్నమ్మ వచ్చి వాకిట్లో నిలబడి చెప్పి పోయింది. చెప్పి పోయిందా, తిట్టి పోయిందా! గెలిచే ఆటను నీ కూతురు పాడు చేసె, నా బిడ్డకు కప్పు లేకుండా చేసె అనె. పోతా పోతా ఇంకొక మాట అనె. కార్డు పడిన పిల్లని ఈ ఏడు స్టేటు టీముకు తీసుకోరంట గదా అనె. నిజమా?"

"నిజమే."

"తీసుకోరా?"

"తీసుకోరు శకుంతలా."

ఆమె వంటింటి గడప దగ్గర ఆగింది. "ఆడపిల్లకు నిక్కరేసి నలుగురిలో ఎగిరించేది ఏందని మా అన్న ఏర్పేడు నుంచి పనిగట్టుకోని వచ్చి అడిగినాడు. నా బిడ్డ స్టేటుకు ఆడతాది, నువ్వు నోరు మూసుకోని పో అని పంపించినాను. తెల్లారకముందే లేచి రాగిజావ కాచి పోసినాను. ఇప్పుడేం చెప్పాల ఆయనకు?"

మునిరత్నం చేతిలోని దండ వైపు చూశాడు.

"అసలు పిల్ల చేసిన తప్పేంది? బాలు బయటికి పోయింది, పాయింటు మనకు ఇచ్చినారు. కాదు, నా వేలికి తగిలి పోయింది, పాయింటు వాళ్ళదే అని చెప్పేదానికి చెయ్యెత్తింది. టీములో పిల్లలందరూ అదే చెప్తాండారు. నిజం ఒప్పుకుంటే కార్డు వేస్తారా యాడన్నా? నువ్వే గదా చెప్పింది, జపానులో ఆ పిల్లెవరో ఇట్లనే..."

"శకుంతలా, చాల్లే."

"ఏం చాలు? ఆ సుందరరాజు సార్ గదా స్టేటుకు పిల్లల్ని ఎంపిక చేసేది? సాయంత్రం తిరుపతికి ఎల్లిపోతాడంట. పోకముందే చెప్పు. నువ్వు చెప్తే ఇంటాడు. నిన్ను జపానుకు పంపించిందే ఆయన."

"కాఫీకి ఇంటికే వస్తానన్నాడు."

"ఇంకేం మరి!"

"నేను చెప్తే, తండ్రి గాబట్టి చెప్తాండాడు అంటారు."

"అననీ. తండ్రివి కాదా?"

మునిరత్నం దండలోంచి ఒక రేకు తుంచాడు. శకుంతలమ్మ గొంతు ఈసారి తగ్గింది. తగ్గినందుకే భయం వేసింది ఆయనకు.

"ఆయన పక్కనే గదా కూచోనుండావు, పిల్లకు కార్డు వేసేటప్పుడు? అప్పుడే ఒక్క మాట చెప్పలేకపోయినావా?"

చెప్పాడు. ఒక్క మాట చెప్పాడు. ఆ మాట ఏమిటో శకుంతలమ్మకు ఇంకా తెలియదు. ఊళ్ళో అందరికీ తెలుసు, మైకులో విన్నారు కాబట్టి.

మునిరత్నం చిత్తూరులో హైస్కూలు డ్రిల్లు మాస్టరు. అంతకంటే ముందు వాలీబాలు రిఫరీ. సత్యవేడు మొదలుకొని బంగారుపాళ్యం దాకా ఏ ఊళ్ళో ఆట జరిగినా నెట్టు పక్కనుండే రిఫరీ నిచ్చెన ఎక్కి కూర్చునేది ఆయనే. ఆ ఆటలెలా ఉంటాయో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. రెండు ఊళ్ళ జనం గీత మీదికి వచ్చి నిలబడతారు. కొందరి చేతుల్లో కర్రలుంటాయి. అవి నడకకు ఊతంగా తెచ్చుకున్నవి కావు. అక్కడ ఆటగాడు రిఫరీ వైపు చెయ్యెత్తాడంటే అవతలివాడు నెట్టు ముట్టాడనో, గీత తొక్కాడనో, నీకు కళ్ళు లేవనో అర్థం. మరో అర్థం లేదు. అందుకే తన దగ్గర ఈల నేర్చుకున్న ప్రతివాడికీ మునిరత్నం మొదట చెప్పే పాఠం ఒకటే: ఎత్తిన చెయ్యిని ఎత్తినప్పుడే దించెయ్యాలి. ముందు పసుపు కార్డు. మళ్ళీ ఎత్తితే ఎర్రది, అవతలివాళ్ళకు పాయింటు. ఆలోచించకూడదు. రిఫరీ ఆలోచిస్తున్నాడని జనానికి తెలిస్తే రాళ్ళు పడతాయి.

ఇక్కడ ఆ పాఠం బాగానే పనిచేసింది. ఆయన తల మీద ఇంతవరకు ఒక్క కుట్టు కూడా లేదు.

వచ్చే ఏడు ఢిల్లీలో ఆసియా క్రీడలు జరగబోతున్నాయి, మన రిఫరీలు బయటి ఆటలు కూడా చూడాలని పైవాళ్ళకు తోచింది. సుందరరాజు పట్టుబట్టి మునిరత్నం పేరు పంపాడు. దసరా ముందర ఆయన విమానమెక్కి జపానులో, నోరు తిరగని పేరున్న ఒక ఊళ్ళో దిగాడు. కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ, కొత్త తెల్ల ప్యాంటు, జీవితంలో ఎవరికీ భయపడని ఒక ఈల వెంట తీసుకుపోయాడు.

ఆ ఈల మొదటిరోజే భయపడింది. హాలులో వేలమంది ఉన్నారు. ఒక్కరూ అరవరు. అందరూ ఒకేసారి చప్పట్లు కొట్టి, ఎవరో ఆపమన్నట్టు ఒకేసారి ఆపేస్తారు. ఆట పిల్లల బూట్లు నేల మీద కీచుమనడం నిచ్చెన మీదికి వినిపిస్తుంది. అంత నిశ్శబ్దంలో ఈల వేస్తే పెద్దవాళ్ళు నిద్రపోతున్న ఇంట్లో గిన్నె పడేసినట్టుండేది.

బసలో ఇంకో కథ. గుమ్మం దగ్గర బూట్లు విప్పాలి, అక్కడున్న చెప్పులు తొడుక్కోవాలి. మరుగుదొడ్డికి వేరే చెప్పులు. ఆ సంగతి తెలియక మునిరత్నం మరుగుదొడ్డి చెప్పులతోనే భోజనాల గదిలోకి నడిచి వెళ్ళి, అందరి మధ్యా కూర్చుని అన్నం తిన్నాడు. అందరూ చూశారు. ఒక్కరు ఒక్క మాట అనలేదు. చివరికి ఒక ముసలమ్మ వంగి వంగి వచ్చి, వేరే చెప్పులు ఆయన కాళ్ళ ముందు పెట్టి, మరుగుదొడ్డివి తీసుకుని వెళ్ళిపోయింది. మన దగ్గరైతే నలుగురూ నవ్వి, నలుగురూ తిట్టి, ఆ పూటకు మర్చిపోయేవాళ్ళు. అక్కడ ఎవరూ ఏమీ అనకపోవడంతో ఆ చెప్పులు ఆయన మనసులోంచి పోలేదు. చల్లటి అన్నం, పచ్చి చేప, అందరూ బట్టల్లేకుండా దిగే వేడినీళ్ళ తొట్టి, వీటన్నిటికంటే ఆయన్ని కలవరపెట్టింది అదే. తప్పు చేస్తే ఎలా తెలుస్తుంది ఇక్కడ? ఎవరు చెబుతారు?

ఎవరూ చెప్పలేదు.

ఆ ఊరి పిల్లలు ఆడుతున్న ఆటలో అవతలి టీము కొట్టిన బాలు గీత బయట పడింది. ఈల వేసి ఆ ఊరి పిల్లలకే పాయింటు ఇచ్చాడు. నెట్టు దగ్గర బాలుకు అడ్డం ఎగిరి బ్లాకు చేసిన పిల్ల, పొట్టి జుట్టు, కూతురి వయసే ఉంటుంది, నిచ్చెన వైపు తిరిగి చెయ్యెత్తింది. అవతలివాళ్ళ మీద ఏదో ఫిర్యాదు, మునిరత్నం అనుకున్నాడు. అనుకోవడం కూడా కాదు, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పసుపు కార్డు. ఆ పిల్ల వంగి దండం పెట్టింది. పెట్టి, అర్థం కాలేదేమో అన్నట్టు, మళ్ళీ చెయ్యెత్తి వేలు చూపించింది. ఎర్ర కార్డు.

రెండో రిఫరీ ఆ దేశస్థుడే. ఆయన ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు. హాలులో ఎవరూ అరవలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఆ పిల్ల టీము ఓడిపోయింది. ఆట అయ్యాక ఓడినవాళ్ళంతా వరసగా నిలబడి ఆయనకు వంగి దండం పెట్టారు. అందరికంటే ఎక్కువసేపు వంగింది ఆ పొట్టిజుట్టు పిల్లే.

మర్నాటి నుంచి ఆయనకు ఆట ఇవ్వలేదు. పొద్దున్నే కారు వచ్చేది. ఇంగ్లీషు వచ్చిన ఒక రిటైరైన బడిపంతులు ఆయన్ని వెంటబెట్టుకుని తోటలూ సరస్సులూ చూపించాడు. ఇంత మర్యాద ఎవరికి చేస్తారనుకుని మునిరత్నం మురిసిపోయాడు కూడా. తిరుగు ప్రయాణంలో రైలెక్కించేటప్పుడు, కాగితం మీద కాగితం చుట్టిన ఒక మిఠాయి డబ్బా చేతిలో పెట్టి, ఆ పంతులు నవ్వుతూ చెప్పాడు. మా దగ్గర పిల్లలకు చిన్నప్పటి నుంచీ నేర్పుతాం, బాలు తగిలితే తామే చెయ్యెత్తి ఒప్పుకోవాలని. మీ దేశంలో పద్ధతి వేరు కాబోలు. నలుగురిలో చెబితే మీకు చిన్నతనమని ఎవరూ చెప్పలేదు, ఏమీ అనుకోకండి.

రైలు కదిలింది. దిగి ఆ పిల్లను వెతుక్కునే వీలు లేదు.

ఇంటికి వచ్చాక కూతురు జ్ఞానాంబ పక్కన కూర్చుని ఒకటే అడిగింది, ఆడపిల్లలు అక్కడ ఎట్ల ఆడతారు నాయనా అని. చెప్పేద్దామనే మొదలుపెట్టాడు. ఒక పిల్ల, బాలు తన వేలికి తగిలిందని తానే చెయ్యెత్తింది అన్నాడు. కూతురి కళ్ళు పెద్దవయ్యాయి. "అప్పుడు?" అంది. ఆ కళ్ళ ముందు మిగిలింది చెప్పలేకపోయాడు. అప్పుడు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది అన్నాడు.

ఈ రోజు గ్రౌండులో తిరుపతి పిల్లలతో ఆఖరి సెట్టు ఆడుతూ, ఒక పాయింటు ముందున్నప్పుడు జ్ఞానాంబ చెయ్యెత్తింది. నిచ్చెన మీద ఉన్నది పెంచలయ్య, మునిరత్నం దగ్గర ఈల నేర్చుకున్నవాడు. పసుపు చూపించాడు. జ్ఞానాంబ ఏదో చెబుతోంది, రెండు ఊళ్ళ జనం అరుపుల్లో అది ఎవరికీ వినిపించలేదు. మళ్ళీ చెయ్యెత్తి వేలు చూపించింది. ఎర్రది. ఆ తర్వాత చిత్తూరు పిల్లలకు చేతులు ఆడలేదు.

గ్రౌండు మొత్తం మీద ఆ చెయ్యి ఎందుకు లేచిందో తెలిసినవాడు మునిరత్నం ఒక్కడే. జపాను వెళ్ళొచ్చినవాడని ఆయన్ని ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కనున్న సుందరరాజు వంగి, "ఏందప్పా మాస్టారూ, నీ కూతురు రిఫరీ మీదికి అట్ల చెయ్యెత్తతాది?" అన్నాడు.

"రిఫరీ మాటే మాట సార్" అన్నాడు మునిరత్నం.

ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఏళ్ళ తరబడి అన్న మాట, నోటికి అలవాటైన మాట. సుందరరాజు మాత్రం పొంగిపోయాడు. కప్పు ఇచ్చేటప్పుడు మైకు పట్టుకుని, ఆ మాటే చెప్పి, సొంత కూతురికి కార్డు పడినా కనురెప్ప కదపని మనిషి ఈ మునిరత్నం మాస్టారు అన్నాడు. అప్పుడు వేశారు ఆ దండ.

"సార్ ఉండారా?"

వాకిట్లో పెంచలయ్య. పాలకేంద్రంలో గుమాస్తా పని చేస్తాడు. రిఫరీ బట్టలు ఇంకా మార్చుకోలేదు.

శకుంతలమ్మ అతన్ని చూసి లోపలికి పోయింది. వంటింటి తలుపు మాత్రం వెయ్యలేదు.

"కూచో" అన్నాడు మునిరత్నం.

పెంచలయ్య కూర్చోలేదు. "సార్, నేను వేసిన కార్డు సరైందేనా?"

మునిరత్నం దండను ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీరు రిఫరీ మాటే మాట అన్నారని మైకులో చెప్పినారే, అది ఇన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమీదట పిల్లలొచ్చి చెప్పినారు, బాలు తగిలిందని ఒప్పుకునేదానికే ఆయమ్మ చెయ్యెత్తిందంట. నిజమా సార్? అట్ల ఎవరన్నా ఎత్తతారా? ఇన్నేండ్లుగా చూస్తాండాం, ఒక్కరన్నా ఎత్తినారా?"

"ఎత్తలేదు."

"మరి నాకెట్ల తెలస్తాది సార్?" పెంచలయ్య మెడలోని ఈల పట్టుకున్నాడు. "ఆ జనంలో మాట ఇనపళ్ళేదు. చెయ్యి కనిపించింది. ఎత్తిన చెయ్యి ఎత్తినప్పుడే దించల్ల అని మీరే గదా నేర్పినారు? నేను సొంతంగా ఏం చేసినాను?"

"నువ్వేం చెయ్యలేదు పెంచలయ్యా."

"సుందరరాజు సార్ కాడికి పోయి నాదే తప్పని చెప్పమంటే చెప్తా. కానీ నాకు స్టేట్ రిఫరీ పరీక్ష ఉండాది గదా. ఆ సారే పెట్టేది. పోటీలో తప్పు కార్డు వేసినోడిని ఇంక నిచ్చెన ఎక్కిస్తారా? మీరు పొమ్మంటే పోతా సార్. వద్దంటే మానుకుంటా. మీరే చెప్పండి."

"పో నాయనా" అంది శకుంతలమ్మ వంటింట్లోంచి. "పోయి చెప్పు. పున్నెముంటాది."

పెంచలయ్య ఆమె వైపు చూడలేదు. మునిరత్నం నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు. పొమ్మంటే ఈ పిల్లవాడి బతుకు పోతుంది, వద్దంటే కన్నకూతురి బతుకు. జపానులో ఎవరూ మాట్లాడకపోతే మునిరత్నానికి ఎంత భయమేసిందో, ఇప్పుడు తనూ అలాగే మాట్లాడకుండా కూర్చున్నాడు.

పెరటి తలుపు చప్పుడైంది. జ్ఞానాంబ వచ్చింది. చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. ఏడ్చిన గుర్తులేమీ లేవు మొహంలో.

"పెంచలన్నా, కార్డు సరిగ్గానే వేసినావులే" అంది.

"అట్లనకమ్మా..."

ఆమె అతని మాట వినలేదు. తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"నాయనా, నీకు జపాను మాట వచ్చునా?"

"రాదమ్మా."

"ఆ పిల్లకు ఇంగ్లీషు వచ్చునా?"

"రాదు."

"పెంచలన్న చెప్పింది అంతా ఇన్నాను. చెయ్యెత్తితే దించల్ల అనే గదా నీకు తెలిసింది? మరి ఆ పిల్ల ఎందుకు చెయ్యెత్తిందో నీకెట్ల తెలిసింది?"

పొయ్యి మీద పాలు పొంగి మంట మీద పడ్డ వాసన వచ్చింది. శకుంతలమ్మ కదల్లేదు.

"ఆ తర్వాత తెలిసింది" అన్నాడు మునిరత్నం.

"ఎప్పుడు?"

"తిరిగొచ్చేటప్పుడు. రైలు కాడ చెప్పినారు."

"అయితే ఆటలో ఏం చేసినావు?"

మునిరత్నం పెంచలయ్యను చూశాడు. "పెంచలయ్య చేసిందే చేసినాను."

"ఎర్రదా?"

"ముందు పసుపుది. ఆమీదట ఎర్రది."

జ్ఞానాంబ తడిచేతులు పావడాకు తుడుచుకుంది.

"చప్పట్లు?"

"ఎవరూ కొట్టలేదు పాపా."

పెంచలయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. అతని మొహంలోకి రంగు తిరిగి వస్తోంది. అంత పెద్ద దేశంలో, అంత పెద్ద సారు కూడా అదే చేశాడంటే ఇంక తనదేముంది? పాపం అతన్ని అని ఏం లాభం. నీళ్ళలో పడ్డవాడికి ఏది దొరికితే అదే పట్టుకుంటాడు.

"మొదటి కార్డు వేసినాక నేను నీ తట్టు చూసినాను నాయనా" అంది జ్ఞానాంబ. "పెంచలన్నకు అర్థం కాలే, నాయనకు అర్థమవతాదిలే, లేచి వస్తాడులే అనుకున్నా. అందుకే రెండో తూరి ఎత్తినాను. నీకు అర్థమైందా అప్పుడు?"

"అయింది."

"అయ్యే కూచోనుండావా?"

మునిరత్నం చెయ్యి ఎత్తి కూతురి తల మీద పెట్టబోయాడు. ఆమె జరిగింది. ఒక్క అడుగే, కానీ జరిగింది.

వీధిలో జీపు ఆగింది.

సుందరరాజు మంచి మనిషే. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. నవ్వు మొహం, నలుగురికీ పనికొచ్చే గుణం. గుమ్మంలోనే "కాఫీ వాసన వస్తాండాది, సరైన టైముకే వచ్చినాను" అంటూ లోపలికొచ్చి, ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పెంచలయ్య గోడకు అంటుకుపోయాడు. శకుంతలమ్మ మాడిన పాలు పారబోసి, మిగిలినవాటితో కాఫీ కలిపి తెచ్చింది.

"ఏందప్పా, ఇల్లు ఇట్ల కిమ్మనకుండా ఉండాది?" అని చుట్టూ చూసి, ఆయనే అందుకున్నాడు. "ఏమ్మా జ్ఞానాంబా, నీ గురించే మాట్లాడదామని వచ్చినాను. పిల్లలు ఏందో చెప్తాండారు. నువ్వు తగువుకు చెయ్యెత్తలేదంట, బాలు తగిలిందని ఒప్పుకున్నావంట. అట్లయితే ఆ మాట నీ నోటితో నువ్వే చెప్పు. కార్డు కొట్టేయించే పూచీ నాది. నీ మాదిరి బ్లాకు చేసే పిల్ల నాకు స్టేటులో ఇంకొకతె లేదు."

శకుంతలమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతసేపూ ఆమె ఎదురుచూసింది ఈ మాట కోసమే. దేవుడే జీపులో వచ్చి అడుగుతున్నాడు. అవును సార్ అంటే చాలు.

జ్ఞానాంబ గోడ దగ్గరున్న పెంచలయ్యను చూసింది. తర్వాత తండ్రిని చూసింది. ఆ చూపు తండ్రి మీద చాలాసేపు ఆగింది.

"లేదు సార్" అంది. "తగువుకే ఎత్తినాను."

"ఏమే!" శకుంతలమ్మ అరిచింది. "లేదు సార్, అబద్ధం! దాని వేలికి తగిలిందంట, అందరూ చెప్తాండారు..."

"పిల్లే ఒప్పుకున్నాక మనం చెప్పేదేముంది తల్లీ" అన్నాడు సుందరరాజు. ఆయనకు నిజంగానే బాధ కలిగింది. కాఫీ గుటక వేసి, గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు మునిరత్నం లేచాడు. స్తంభం పట్టుకున్నాడు.

"సార్, పిల్ల అబద్ధం చెప్తాండాది. బాలు తగిలిందనే ఎత్తింది. ఆ చెయ్యి నాకు తెలుసు. జపానులో ఒక పిల్ల ఇట్లనే ఎత్తితే నేను తగువనుకోని కార్డు వేసినాను. రెండు కార్డులూ వేసినాను. ఆ పిల్ల టీము ఓడిపోయింది. అందుకే నన్ను మళ్ళా నిచ్చెన ఎక్కనీలేదు వాళ్ళు. ఈపొద్దు పాప చెయ్యెత్తగానే నాకు తెలిసిపోయింది సార్."

చెప్పేశాడు.

సుందరరాజు ఆయన్ని ఎగాదిగా చూశాడు. మొహంలో మొదట ఆశ్చర్యం, తర్వాత జాలి. లేచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"మధ్యాన్నం నా పక్కన కూచోని రిఫరీ మాటే మాట అంటివి గదప్పా. నేను మైకులో కూడా చెప్పేస్తిని. ఇంటికొచ్చి బిడ్డ మొహం చూసేతలికి మనసు ఆగలేదు, అంతేలే. దానికోసం జపానులో నువ్వు చెయ్యని తప్పు కూడా నెత్తిన వేసుకుంటావా? ఏ తండ్రైనా అంతే. నాకూ ఉండారు ఆడబిడ్డలు."

"లేదు సార్, నిజం సార్..."

"ఏమ్మా" అని సుందరరాజు జ్ఞానాంబ వైపు తిరిగాడు. "నాయన చెప్పేది నిజమేనా? జపాను సంగతి నీకెప్పుడన్నా చెప్పినాడా?"

మునిరత్నం కూతురి వైపు చూశాడు. అడుక్కునేవాడి చూపు అది. శకుంతలమ్మ ఆ చూపు చూడలేక మొహం తిప్పుకుంది.

"చెప్పినాడు సార్" అంది జ్ఞానాంబ. "ఆ పిల్ల చెయ్యెత్తితే హాలంతా లేచి చప్పట్లు కొట్టిందని చెప్పినాడు. మా నాయన కథలు బాగా చెప్తాడు."

సుందరరాజు గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే మునిరత్నం వీపు తట్టి, పొద్దుపోతోందని బయలుదేరాడు. ఆయన వెనక పెంచలయ్య జీపు దాకా పరుగెత్తాడు, తలుపు తియ్యడానికి.

ఇంట్లో ముగ్గురే మిగిలారు.

"నిజమే చెప్పినాను గదా జ్ఞానా" అన్నాడు మునిరత్నం. "ఇప్పుడు చెప్పింది నిజమే గదమ్మా."

"ఏమో నాయనా." జ్ఞానాంబ సుందరరాజు తాగి పెట్టిన కాఫీ గ్లాసు తీసుకుని, వంటింటి గడప మీద ఆగింది. "ఆట ఆడేది, ఓడిపోతే ఏడవకూడదనేది, నిజం చెప్తే ఏమీ కాదనేది, అన్నీ నువ్వు చెప్పిందే నేను నేర్చుకున్నాను. అందులో ఇంకా ఏవేవి కథలో ఇప్పుడే చెప్పెయ్."

మునిరత్నం నోరు తెరిచాడు. బయట జీపు కదిలి వెళ్ళిపోయింది.